మూసలో తగ్గిన తూకం

…వెండే, అనుమానం లేదు, కానీ పాలు తక్కువ, ఆ పాప కాలు ఆడించినప్పుడల్లా పట్టీ అంచున ఎర్రగా తొంగిచూస్తోంది రాగి, మడమ దగ్గర రాసుకుపోయినచోట పసుపు తిరిగింది, సగానికి సగం వెండి ఉంటే గొప్ప, గజ్జెలు అసలు వెండే కాదు, జర్మన్ సిల్వరు, వాటి మోతే చెబుతోంది, అని తేల్చేశాక గానీ జయరావుకు తనెక్కడ కూర్చున్నాడో గుర్తు రాలేదు, బ్రాడీపేటలో ఆసుపత్రి వరండా, వీపుకి చల్లగా తగులుతున్న గోడ, నాలుగడుగుల అవతల మూసిన తలుపు వెనకాల క్రీస్తుదాసు ముక్కుకీ మూతికీ గొట్టం పెట్టుకుని ఒక్కో ఊపిరికీ పక్కటెముకలు ఎగరేస్తున్నాడు, ఇక్కడ తను పసిపిల్ల కాళ్ళ పట్టీల్లో రాగెంత వెండెంత అని చూస్తున్నాడు, ఛీ, ఏం కళ్ళివి, ఎక్కడ ఏది మెరిసినా వాలిపోయే కళ్ళు, ఆ పాప తల్లి తన చూపు కనిపెట్టి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది, దొంగ అనుకుందేమో, అనుకోనీ, దొంగ కంటే ఏం ఎక్కువని తను.

తలుపుకి చిన్న గాజుపలక ఉంది, ఎలీసమ్మ ఆ గాజుకి నుదురు ఆనించి నిలబడింది, సోమవారం నుంచీ అంతే, మొగుడు లోపల, ఆవిడ బయట, వెళ్ళొద్దన్నారు, మిర్చి యార్డులో తొడిమలు తీసే మనిషివి, నీ బట్టల్లో జుట్టులో ఆ ఘాటు ఉంటుంది, ఆయన ఊపిరితిత్తులు వాచి ఉన్నాయి, దగ్గరికి వెళ్ళకమ్మా అంది డాక్టరమ్మ, ఆ మాట పట్టుకుని ఎలీసమ్మ ఆసుపత్రి వెనక పంపు కింద తలంటుకుంది, పక్క మంచం వాళ్ళ చీర అడిగి కట్టుకుంది, గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది, అయినా దగ్గుకుంటూనే అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇంకా వస్తోంది అన్నయ్యా, ఎంత కడిగినా పోవట్లేదు, ఇన్నేళ్ళ ఘాటు ఎక్కడికి పోతుంది, ఈ చేతుల్తోనే కదా అన్నం పెట్టాను, ఈ కొంగుతోనే కదా మొహం తుడిచాను, నేనే చంపుకుంటున్నాను అన్నయ్యా ఆయన్ని అంది, అంటే తనేమన్నాడు, ఊరుకో అమ్మా అన్నాడు, అంతే, ఊరుకో అమ్మా, మిరపకాయ కాదమ్మా అనలేదు, నీ కొంగులో ఏ పాపం లేదమ్మా అనలేదు, టీ తెచ్చి చేతికిచ్చాడు, పంచదార ఎక్కువ వేయించి మరీ.

నమ్మేస్తారు, అదే వచ్చిన చిక్కు, ఫిబ్రవరిలో గుంటూర్లో ఎవడు దగ్గినా మిరపకాయే అంటే అందరూ నమ్మేస్తారు, యార్డు నిండా మిర్చి టిక్కీలు, బస్తా మీద బస్తా, రోడ్ల మీద లారీలు, ఆటో ఎక్కినవాళ్ళు తుమ్ముతారు, బస్సు దిగినవాళ్ళు తుమ్ముతారు, సోమవారం చేర్చినప్పుడు డాక్టరమ్మ అడగడమే ఆలస్యం, ఏం పని చేస్తాడు ఈయన, ఈమధ్య పొగ గానీ ధూళి గానీ పీల్చాడా అంది, ఎలీసమ్మ నోరు తెరిచింది, నిన్న ఆదివారం ఇంటి దగ్గర ఏదో కరిగించాడండీ అనబోయింది, సగం అంది కూడా, అది ఎప్పుడూ చేసేదే లెండి అని తను అడ్డం పడ్డాడు, వీళ్ళావిడ మిర్చి యార్డులో చేస్తుందండీ డాక్టరమ్మ గారూ, ఇల్లంతా ఆ ఘాటే, మేమే వాళ్ళింటికి వెళ్తే ఐదు నిమిషాలు కూర్చోలేం అన్నాడు, ఎంత సులువుగా వచ్చింది నోటికి, పచ్చి అబద్ధం కూడా కాదు, అన్నీ నిజాలే, యార్డులో చేసేది నిజం, ఘాటు నిజం, ఆ నిజాలన్నీ మూటగట్టి ఆ మనిషి నెత్తిన పెట్టాడు, ఎలీసమ్మ తన వంక చూసింది, అన్నయ్యకి తెలిసుంటుందిలే అన్నట్టు తలూపింది, చదువుకున్నవాడు, మిల్లులో ఎలక్ట్రీషియనుగా చేసినవాడు, ఏ లోహం ఏదో చూసి చెప్పేవాడు, అన్నయ్య అంటే అంతే మరి.

మిల్లు, చిలకలూరిపేట రోడ్డులో నూలు మిల్లు, క్రీస్తుదాసు తన కింద హెల్పరుగా చేరిన రోజు గుర్తుంది, స్టార్టరు మూత విప్పి లోపల చెయ్యి పెట్టబోతే ఒక్కటిచ్చాడు వీపు మీద, చస్తావురా ఒరేయ్, మెయిను తీయకుండా చెయ్యి పెడతావా అని, ఆ దెబ్బ తలుచుకుని ఏళ్ళ తరబడి నవ్వుకునేవాడు దాసు, జయన్న కొట్టబట్టి బతికాను అని పెళ్ళిలో పాస్టరు గారికి కూడా చెప్పాడు, మిల్లు మూతపడ్డాక ఇద్దరూ రోడ్డున పడితే, పాత స్టార్టర్లు కొని అందులో పాయింట్లు ఏరుదాం దాసూ అన్నది తనే, కరెంటు కలిసి విడిపోయేచోట రాగి ముక్క నెత్తిన బిళ్ళలా అతికి ఉంటుందే ఆ పాయింటు, అది వెండిరా, జనం తెలియక ఇనుముతో పాటు అమ్మేస్తారు అన్నాడు, దాసు నోరు వెళ్ళబెట్టాడు, స్టార్టర్లో వెండా జయన్నా, మరి మనం ఇన్నాళ్ళూ ఆకురాయితో అరగదీసి ఊదిపారేసింది వెండేనా అని, ఎంత నవ్వారో ఆ రోజు ఇద్దరూ.

తనకెవరూ నేర్పలేదు, నేర్పితే వచ్చిన విద్య కాదు అనుకుంటాడు గానీ నేర్పింది గౌస్ బాషా గారే, పట్నం బజారులో వెండి శుద్ధి చేసే ముసలాయన, ఆకురాయితో ఒక గీటు గీయి, తెల్లగా మెత్తగా పోతే ఆశ పెట్టుకో, జారిపోతే అందులో టంగ్‌స్టను ఉంది, మన కుంపటికి లొంగదు, పక్కన పెట్టు, యాసిడ్ చుక్క వెయ్యి, ఆకుపచ్చగా పొంగితే రాగి, వెండి అయితే ఊరికే మసకేస్తుంది, ఆ నీళ్ళలో ఉప్పు కళ్ళు వెయ్యి, పాలు విరిగినట్టు విరుగుతుంది, ఎండలో పెడితే ఊదారంగు తిరుగుతుంది, అదిరా సాక్ష్యం అనేవాడు, మొదటిసారి ఆ పెరుగు తరకలు చూసినప్పుడు తనకి ఒళ్ళు ఝల్లుమంది, మసిపట్టిన ముక్కలోంచి ఆ తెలుపు, ఆ తర్వాత యాసిడ్ కూడా అక్కర్లేకపోయింది, గోటితో గీరి, వేళ్ళ మధ్య దొర్లించి చెప్పేసేవాడు, దాసు పక్కన కూర్చుని మా జయన్న కళ్ళు కళ్ళు కావు అని అందరికీ చెప్పేవాడు, ఆ మాట వినడం కోసమే చెప్పేవాడేమో తను.

కరిగించడం కూడా మొదట తనే, పోయినేడు క్రిస్మస్ ముందర, పెద్ద మోటార్ల స్టార్టర్ల నుంచి తీసిన పాయింట్లు, పిప్పరమెంటు బిళ్ళంత లావు, మూసలో వేసి వెలిగారం చల్లి బ్లోయరు తిప్పుతుంటే గోధుమరంగు పొగ లేచింది, వెండి మీద అలాంటి పొగ ఎప్పుడూ చూళ్ళేదు, నోట్లో తియ్యగా అదోలా, బీడీ ముట్టిస్తే వెగటుగా ఉంది, పొద్దుగూకేసరికి చలి, పళ్ళు టకటక కొట్టుకున్నాయి, హెలెన్ రెండు దుప్పట్లు కప్పి మిరియాల కషాయం పట్టింది, ఏం మొగుడివయ్యా ఏం మంట ముందు కూర్చుంటావు అని ఏడ్చింది, గుండె మీద బండ పెట్టినట్టు వారం రోజులు, మెట్లెక్కితే ఆయాసం, తగ్గాక మూస అంచున పేరుకున్న గోధుమరంగు బూడిద కాగితంలో పొట్లం కట్టి గౌస్ బాషా గారి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ముట్టుకోలేదు, ముఖం పక్కకి తిప్పుకుని, పారేయ్ ముందు అన్నాడు, ఇది కాడ్మియం, నగల షాపుల ముందు కేడీఎం కేడీఎం అని బోర్డులు పెట్టుకుంటారే, ఆ కేడీఎమ్మే ఇది, అతుకులకి వాడేది, పెద్ద మోటార్ల పాయింట్లు మాడిపోకుండా వెండిలో ఇది కలుపుతారు, మా తమ్ముడు ఈ అతుకులు వేసి వేసీ ఊపిరాడక పోయాడు, నువ్వు బతికావంటే పైవాడి దయ, ఇంకోసారి పీలిస్తే ఉండవు.

ఆయన పరీక్ష కూడా చెప్పాడు, అది కూడా నేర్చుకుని వచ్చాడు తను, కరిగించేముందు ఒక్క ముక్క గీరి బొగ్గు మీద పెట్టి, ఊదుగొట్టంతో మంట ఊదు, చుట్టూ గోధుమరంగు మచ్చ పరుచుకుందా, అది కుంపట్లోకి పోకూడదు, అలాంటివి ఏరి విడిగా పెట్టు, పొగ పట్టే గొట్టాలున్న పెద్ద కొలిములవాళ్ళు ఉంటారు, వాళ్ళకి పోసెయ్, అంతే, కష్టమైన పనేం కాదు, ఇంటికొచ్చి దాసుతో చెప్పాల్సింది ఈ మాటే, చెప్పాడా, ఒరేయ్ దాసూ నా కళ్ళు మంటకి ఆగట్లేదురా, ఇకనుంచి కరిగించడం నువ్వు చూసుకో, ఏరడం నేను చూసుకుంటా అన్నాడు, నీకు చెయ్యి బాగా కుదిరిందిరా, నాకంటే నువ్వే ముద్ద నున్నగా తీస్తావు అన్నాడు, దాసు ముఖం వెలిగిపోయింది, ఆ వెలుగు చూసి కూడా తను చెప్పలేదు, చెబుతాలే అనుకున్నాడు, నేను ఏరి ఇస్తాగా, చెడ్డవి నా దగ్గరే ఆగిపోతాయిగా, ఇక వాడికి చెప్పి భయపెట్టడం ఎందుకు అనుకున్నాడు, భయపడితే వాడు మానేస్తాడు, వాడు మానేస్తే మళ్ళీ తనే కూర్చోవాలి ఆ మంట ముందు, అదీ అసలు సంగతి, ఇప్పుడీ బెంచీ మీద దాచుకోవడానికి ఇంకేముంది, తన ఊపిరి కాపాడుకుని వాడి ఊపిరి ముందుకి తోశాడు.

అయినా ఏరితే సరిపోయేది, అప్పట్నుంచీ ఏరుతూనే ఉన్నాడు, పర్చూరు అవతల మూతపడ్డ జిన్నింగు మిల్లు స్టార్టర్లు వేలం వేసేటప్పుడు కూడా ఏరి ఉంటే, అక్కడ అందరి ముందూ ఒక పాయింటు గోటితో గీరి, మేలిమి, ఇదంతా మేలిమి వెండిరా దాసూ, చూడగానే చెప్తాగా నేను అన్నాడు, దాసు ఈల వేసినంత పని చేశాడు, దారంతా వ్యాన్లో పాట పాడుకుంటూ వచ్చాడు, తీరా శనివారం ఇంట్లో కూర్చుని ఒక ముక్క బొగ్గు మీద పెట్టి ఊదితే, మచ్చ, గోధుమరంగు మచ్చ, బొగ్గు ముక్క చుట్టూ కాఫీ ఒలికినట్టు, తను చూశాడు, కళ్ళు కళ్ళు కావు కదా, బాగానే చూశాడు, చూసి బొటనవేలితో తుడిచేశాడు, ఏదో ఒకటి అలా వచ్చి ఉంటుంది, అన్నీ అలా ఉండవు అనుకున్నాడు, రెండో ముక్క పెట్టలేదు, పెడితే తెలిసిపోతుందని పెట్టలేదు, తెలిసిపోతే దాసుతో చెప్పాలి, నేను తప్పు చెప్పానురా, లాటు మొత్తం పనికిరాదురా అని, వ్యాన్లో పాడుకుంటూ వచ్చిన మనిషితో ఎట్లా అనడం, సంచి మూతి కట్టి తెల్లారి గుడి బయట దాసు చేతికిచ్చాడు, ఇవాళ కానిచ్చెయ్యి, చుట్టుపక్కలవాళ్ళు పొగ చూసి గొడవ చేస్తారు, వసారాకి పట్టా దించుకో అన్నాడు, పట్టా దించుకో అని కూడా తనే అన్నాడు ప్రభువా, ఆరాధన అయిపోయి జనం అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నారు, ఎలీసమ్మ స్త్రీల కూటం ఉందని ఆగిపోయింది, దాసు సంచిని పసిబిడ్డని పట్టుకున్నట్టు చంకన పెట్టుకుని వెళ్ళాడు.

పేషెంటు పిలుస్తున్నాడండీ లోపల, జయన్న ఎవరు అంటూ నర్సు తలుపు తీసింది, ఎలీసమ్మ పక్కకి జరిగింది, తన బట్ట తలుపుకి తగలకుండా కొంగు చుట్టూ బిగించి మరీ జరిగింది, వెళ్ళు అన్నయ్యా, నిన్నే పిలుస్తున్నాడు, మంచినీళ్ళు కావాలేమో కనుక్కో అంది, వెళ్తే వాడేం అంటాడు, ఆ పొగ అంటాడా, నర్సు వింటుండగా అంటాడా, వెళ్ళాడు, దాసు కళ్ళు లోతుకి పోయాయి, పెదాలు నేరేడుపండు రంగు తిరిగాయి, చెయ్యెత్తి మూతి మీది గొట్టం పక్కకి లాక్కున్నాడు, వద్దు వద్దు అంటూ నర్సు పరిగెత్తుకొచ్చింది, అయినా లాక్కున్నాడు, గురగురమనే ఊపిరి మధ్యలో ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు, తూకం తగ్గింది జయన్నా అన్నాడు, ముద్ద తూకం తగ్గింది, పాయింట్లు నువ్వు తూచి ఇచ్చావుగా, ముద్ద అంత రాలేదు, నేను తీయలేదు జయన్నా, ప్రభువు సాక్షి, ఒక్క పలుకు కూడా తీయలేదు, మూసలోనే తగ్గింది, ఎట్లా తగ్గిందో నాకు తెలీలేదు, నువ్వు అనుకుంటావని.

ఓహ్, ఇదేనా, అనుకున్నాడు తను, ఇంతేనా, పొగ సంగతి కాదు, వాడికి తెలీదు, వాడు చెప్పడు అని లోపల ఎక్కడో ఒక గడియ వదులైంది, గుండె చల్లబడింది, నిజంగా చల్లబడింది, ఎండన పడి వచ్చి కుండలో నీళ్ళు తాగినట్టు, ఆ చల్లదనంలోనే సర్లేరా, పడుకో, నేనేం అనుకోను అని గొట్టం సర్ది పెట్టాడు, పెడుతూ పెడుతూ, ఆ వేళ్ళు ఆ గొట్టం మీద ఉండగానే, ఏం చేశాను నేను ఇప్పుడు అనిపించింది, వీడు నాలుగు రోజులుగా ఊపిరాడక కొట్టుకుంటూ తలుచుకున్నది ఇదా, దొంగ అనుకుంటాడేమో జయన్న అని, తగ్గిన తూకం ఎటు పోయిందో తనకి తెలుసు, వాడి రొమ్ములోకి పోయింది, అది వాడు తీసుకున్నాడు నిజంగానే, ఊపిరి ఊపిరికీ తీసుకున్నాడు, తెలిసి కూడా నేనేం అనుకోను అని క్షమించినట్టు మాట్లాడాడు తను, పైగా సంతోషించాడు, వాడికి మాట రాకపోతే బాగుండునని ఈ నాలుగు రోజులూ తను ఆ గాజులోంచి చూస్తున్నాడా, ప్రార్థన చేస్తున్నాను అనుకున్నాడే, కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడే, దేనికి చేశాడు ఆ ప్రార్థన, వాడు బతకాలనా, నోరు విప్పకూడదనా.

డాక్టరమ్మ గది ముందు వరస ఉంది, వరసలో నిలబడితే మళ్ళీ మనసు మారుతుందని తోసుకుని వెళ్ళాడు, ఏవండీ లైనులో రండి అని ఎవరో కేకేశారు, డాక్టరమ్మ తలెత్తింది, మిరపకాయ కాదండీ అన్నాడు, ఆవిడకి అర్థం కాలేదు, ఏ మిరపకాయ అంది, క్రీస్తుదాసుదండీ, ఆక్సిజను పెట్టిన మనిషి, వాడిది మిర్చి ఘాటు కాదండీ, కాడ్మియం, కేడీఎం అంటారే అదండీ, ఆదివారం మధ్యాహ్నం మూసలో కరిగించాడు, పట్టా దించిన వసారాలో కూర్చుని, పొగంతా పీల్చాడు, నాకు ముందే తెలుసండీ, నేనే ఇచ్చాను అని ఆగకుండా చెప్పేశాడు, ఆవిడ పెన్ను కింద పెట్టింది, ఎంతసేపు కూర్చున్నాడు, ఇంట్లో ఇంకెవరున్నారు, ఎప్పుడు జ్వరం మొదలైంది అని వరసగా అడిగింది, అన్నిటికీ చెప్పాడు, కూటం అయ్యాక ఎలీసమ్మ ఆ ఇంటికే వచ్చిందని కూడా చెప్పాడు, ఈ ముక్క సోమవారమే చెప్పి ఉంటే, అని మొదలుపెట్టి ఆపేసింది, మిగతాది అనకపోవడమే ఎక్కువ దెబ్బ, దీనికి విరుగుడు మందంటూ లేదయ్యా, ఊపిరి యంత్రం మీద పెట్టాలి, పెద్దాసుపత్రికి మార్పిస్తాను, ఈ రెండు రోజులూ గడిస్తే గట్టెక్కొచ్చు, గట్టెక్కినా మంట ముందు కూర్చునే ఊపిరి మాత్రం ఇక రాదు అంది, పోలీసుల మాట ఎత్తలేదు, తను ఇన్నాళ్ళూ వణికింది ఆ మాటకే, ఆవిడ ఎత్తనే లేదు, లేచి నిలబడి, వాళ్ళావిడ కూడా ఆ పొగలో ఉందన్నమాట, దగ్గు ఉంది కదా ఆవిడకి, ముందు ఎక్స్‌రే తీయించండి, అని తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది, అవునూ, అయితే ఆవిడని ఎందుకయ్యా ఇన్ని రోజులు బయట నిలబెట్టాం మనం.

ఎలీసమ్మ అక్కడే ఉంది, గాజు దగ్గర, మంచినీళ్ళు అడిగాడా అన్నయ్యా అంది, అడగలేదమ్మా అన్నాడు, నీతో ఒక మాట చెప్పాలి, కూర్చో అన్నాడు, కూర్చోలేదు, నిలబడే వింది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక వెనకనుంచి మొదలుపెట్టాడు, నీ చీరలో ఏం లేదమ్మా, నీ చేతుల్లో ఏం లేదు, ఆ పాయింట్లలో విషం ఉంది, వెండిలో కలిసి ఉంది, నాకు తెలుసు, క్రిస్మస్ ముందర నాకొచ్చిన జ్వరం అదే, మంట ముందు కూర్చోవడం అందుకే మానేశాను, వాడికి చెప్పలేదు, శనివారం చూశాను, చూసి కూడా ఇచ్చాను, అని నేల వంక చూస్తూ చెబుతుంటే ఆవిడ దగ్గు ఆపుకుంటూ వింటోంది, మధ్యలో ఏడవలేదు, తిట్టలేదు, తిడితే బాగుండును, వాళ్ళ అన్నదమ్ముల్ని పిలిచి కొట్టిస్తే బాగుండును, అంతా అయ్యాక ఒక్కటే అడిగింది, ఆదివారం మీరు మా ఇంటి ముందు నుంచి వెళ్ళలేదా అని.

వెళ్ళాడు, ఇది ఎవరికీ చెప్పలేదు, తనకి తను కూడా చెప్పుకోలేదు, ఆదివారం మూడింటప్పుడు మనసాగక స్కూటరు వేసుకుని వెళ్ళాడు, ఆపెయ్యిరా అందామనే వెళ్ళాడు, ఏటుకూరు రోడ్డు మలుపు తిరిగి వాళ్ళ వీధిలోకి రాగానే పట్టా కింది సందులోంచి ఆ రంగు పొగ నేలబారున పాకుతూ కనపడింది, బండి నెమ్మదించాడు, కాలు నేలకి ఆనించాడు, లోపల దాసు ఏదో కీర్తన కూనిరాగం తీస్తున్నాడు, ఇప్పుడు వెళ్ళి ఆపితే ఎందుకాపమన్నావు అంటాడు, సగం అయిపోయిందిగా, ఇంకాసేపట్లో అయిపోతుందిగా అనుకుని గేరు మార్చి వెళ్ళిపోయాడు, వెళ్ళానమ్మా అన్నాడు, నీకెట్లా తెలుసు అనలేదు, ఆవిడే చెప్పింది, అప్పుడే కూటం నుంచి వచ్చాను, బండి చప్పుడు గుర్తుపట్టాను, అన్నయ్య వచ్చినట్టున్నాడు టీ పెట్టనా అని ఆయన్ని అడిగాను, పెట్టు అన్నాడు, పెట్టాను, మీరు రాలేదు అంది.

మీరు అంది, రెండోసారి అంది, ఇన్నేళ్ళలో ఆ నోట తనని మీరు అని వినలేదు, అన్నయ్యా రా, అన్నయ్యా తిను, నీకు బుద్ధి ఉందా అన్నయ్యా ఎండలో వచ్చావు, అలా పిలిచే మనిషి, కళ్ళు తుడుచుకుని, జయరావు గారూ, మీరు కొంచెం పక్కకి జరగండి అంది, తను తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాడని అప్పుడు తెలిసింది, జరిగాడు, ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది, కొంగు బిగించుకోలేదు, చేతులు వాసన చూసుకోలేదు, తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి ఆ మనిషి నుదుటి మీద అరచెయ్యి ఆనించింది, దాసు కళ్ళు తెరిచాడు, చెయ్యి పైకెత్తి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు, గాజులోంచి కనపడుతోంది అంతా, మాటలు వినపడట్లేదు, ఆవిడ వంగి చెవిలో ఏదో చెబుతోంది, తూకం సంగతే చెబుతోందేమో, నువ్వు తీయలేదని ఆయనకి తెలుసయ్యా అని, లేకపోతే ఇంకేదో, మొగుడూ పెళ్ళాల మాట, తనకి సంబంధం లేనిది, దాసు కళ్ళలోంచి నీళ్ళు చెవుల వైపు జారుతున్నాయి, నాలుగు రోజుల్లో మొదటిసారి వాడి పక్కన వాడి మనిషి ఉంది, పొగ గురించి ఎన్నైనా చెప్పుకోవచ్చు తను, ఒక్క ముక్కే అలా వచ్చిందనుకున్నానని, అభిమానం అడ్డొచ్చిందని, భయపడ్డానని, వినేవాళ్ళుంటే కాసేపటికి తనే నమ్మేస్తాడు కూడా, కానీ ఈ తలుపు దగ్గర అభిమానం లేదు, తొందర లేదు, పొగ కూడా లేదు, ఇక్కడ ఒక ఆడమనిషి చేతులు కడుక్కుంటూ నిలబడితే, ఊరుకో అమ్మా అంటూ పూటపూటా టీ అందిస్తూ కావలి కాశాడు తను, వాడి ఊపిరి ఆదివారం ఒక్కపూటలో తీశాడు, వాళ్ళిద్దరి మధ్య ఉన్నదాన్ని మాత్రం రోజూ కూర్చుని కొంచెం కొంచెంగా తీశాడు, క్రీస్తుదాసు బతికినా ఇది తీరదు.